పదిహేనేళ్ల దాకా ఒక బడి, ఆ తర్వాత ఇంకొకటి: జపాన్ చదువులు నిజంగా ఎలా నడుస్తాయి?

జపాన్ బడుల గురించి తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తరచూ తిరుగుతుంటుంది. అక్కడ నాలుగో తరగతి దాకా పరీక్షలే ఉండవని, పదేళ్లొచ్చే వరకు మర్యాదలే నేర్పుతారని, బడిలో పనివాళ్లు ఉండరు కాబట్టి పిల్లలే గదులు ఊడ్చి బాత్రూములు కడుగుతారని అందులో ఉంటుంది. అదే ఫోన్‌కి ఇంకో రోజు ఇంకో వీడియో వస్తుంది. జపాన్ పిల్లలు రాత్రి దాకా ట్యూషన్లలో మగ్గిపోతున్నారని, బడికి వెళ్లలేక లక్షల మంది ఇంట్లోనే ఉండిపోతున్నారని. ఈ రెండూ చూసిన తల్లిదండ్రులకు ఏది నమ్మాలో తెలియదు.

రెండింటిలోనూ కొంత నిజం ఉంది, కొంత తప్పూ ఉంది. జపాన్ చదువుల్లో పదిహేనేళ్ల వయసు దగ్గర ఒక గీత ఉంది. ఆ గీతకి ఇవతల బడి పని పిల్లలందరినీ కలిపి నడిపించడం. ఎవరినీ ఫెయిల్ చేయరు, ఎవరినీ ముందుకు దూకించరు. గీత దాటే చోట అదే పిల్లల్ని మార్కుల ప్రకారం వేర్వేరు హైస్కూళ్లకు పంచేస్తారు. మెచ్చుకునేవాళ్లు మొదటి భాగం చూసి మాట్లాడతారు, భయపెట్టేవాళ్లు రెండో భాగం చూసి మాట్లాడతారు. అందుకే రెండింటినీ కలిపి చూడాలి.

ఆరు, మూడు, మూడు, నాలుగు

జపాన్‌లో ఆధునిక బడుల వ్యవస్థ 1872లో మొదలైంది. ఇప్పుడున్న రూపం మాత్రం రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, అమెరికా సైన్యం అధీనంలో దేశం ఉన్న రోజుల్లో వచ్చింది. 1947 చట్టాల ప్రకారం ప్రైమరీ ఆరేళ్లు, మిడిల్ స్కూల్ మూడేళ్లు, హైస్కూల్ మూడేళ్లు, యూనివర్సిటీ నాలుగేళ్లు. మొదటి తొమ్మిదేళ్లు తప్పనిసరి. వాళ్ల హైస్కూల్ అంటే మన పదో తరగతి, రెండేళ్ల ఇంటర్ కలిపినంత అనుకోవచ్చు. విద్యా సంవత్సరం ఏప్రిల్‌లో మొదలై మార్చిలో ముగుస్తుంది.

వయసు విషయంలో వాళ్లు ఎంత పట్టుగా ఉంటారో చూస్తే ఈ వ్యవస్థ స్వభావం తెలుస్తుంది. ఒక ఏడాది ఏప్రిల్ 2 నుంచి మరుసటి ఏడాది ఏప్రిల్ 1 వరకు పుట్టినవాళ్లంతా ఒకే తరగతి. జపాన్ చట్టంలో పుట్టినరోజుకి ముందు రోజుతోనే ఆ ఏడు నిండినట్టు లెక్క. ఏప్రిల్ 1న పుట్టిన పాపకి మార్చి 31తో ఆరేళ్లు నిండుతాయి కాబట్టి ఆ ఏప్రిల్‌లోనే ఒకటో తరగతిలో చేరుతుంది. పక్కింట్లో ఒక్క రోజు తర్వాత పుట్టిన బాబు ఇంకో ఏడాది ఆగాలి. బడిలో వేసేటప్పుడు వయసు ఎక్కువ వేయించడం, తెలివైనవాడని ఒక తరగతి దాటించడం అక్కడ కుదరదు. చదువులో వెనకబడ్డాడని అదే తరగతిలో కూర్చోబెట్టడం కూడా తప్పనిసరి చదువులో దాదాపు లేదు.

ప్రైమరీ స్థాయిలో నూటికి 98 మంది దాకా ప్రభుత్వ బడులకే వెళ్తారు. ఇంటి చిరునామాను బట్టి ఏ బడో స్థానిక ప్రభుత్వమే చెబుతుంది. వీపున పెట్టెలాంటి గట్టి బ్యాగు వేసుకుని, చాలాచోట్ల వీధి పిల్లలంతా ఒక గుంపుగా నడిచి వెళ్తారు.

పల్లె బడి, పట్నం బడి ఒకేలా ఎలా ఉంటాయి?

టీచర్లను నియమించేది సాధారణంగా ప్రిఫెక్చర్, అంటే మన రాష్ట్రం లాంటిది. అలాంటివి 47 ఉన్నాయి. టీచర్ల జీతాల్లో మూడో వంతు కేంద్రం ఇస్తుంది, మిగతాది సాధారణంగా ప్రిఫెక్చర్ భరిస్తుంది. కొన్నేళ్లకోసారి టీచర్లను బడి నుంచి బడికి బదిలీ చేస్తారు. అందువల్ల మంచి టీచర్లంతా ఒకే ఊళ్లో చేరిపోరు, కొండ ఊరి బడికీ అర్హత ఉన్న మనిషే వస్తాడు. జపాన్ విజయాల గురించి రాసేవాళ్లు క్రమశిక్షణ గురించి చాలా రాస్తారు, ఈ బదిలీల గురించి మాత్రం చాలా తక్కువ రాస్తారు. నా అభిప్రాయంలో దానికి దక్కాల్సినంత పేరు దక్కలేదు.

ఏ తరగతిలో ఏం చెప్పాలో విద్యాశాఖ నిర్ణయిస్తుంది. ఆ మార్గదర్శకాలను దాదాపు పదేళ్లకోసారి మారుస్తుంది. పాఠ్యపుస్తకాలు ప్రైవేటు ప్రచురణకర్తలు రాస్తారు, విద్యాశాఖ పరిశీలించి ఆమోదిస్తుంది, వాటిలోంచి స్థానిక విద్యా బోర్డులు ఎంచుకుంటాయి. తప్పనిసరి చదువులో పుస్తకాలు ఉచితం. ఆమోదం పేరుతో ప్రభుత్వం చరిత్రను దిద్దుతోందన్న వాదన పాతదే. చరిత్రకారుడు ఇయెనగా సబురో తన పుస్తకంలో మార్పులు చేయమన్నందుకు 1965లో కోర్టుకెక్కారు. ఆ వరస కేసులు 1997 దాకా నడిచాయి. ఆమోద పద్ధతి రాజ్యాంగానికి విరుద్ధం కాదని కోర్టులు చెప్పాయి. కానీ కొన్నిచోట్ల చేయించిన మార్పులు చట్టవిరుద్ధమని కూడా తేల్చాయి.

పరీక్షలు లేవన్న మాటలో నిజమెంత?

పరీక్షలున్నాయి. ఒకటో తరగతి నుంచే పాఠం అయ్యాక చిన్న టెస్టు పెడతారు, మార్కులు వేసి ఇంటికి పంపుతారు. టర్మ్ చివర ప్రోగ్రెస్ రిపోర్టు వస్తుంది. లేనిది పాస్, ఫెయిల్. ఆ మార్కుల మీద పై తరగతి ఆధారపడదు, తరగతిలో ర్యాంకులు ప్రకటించరు. మెసేజ్ రాసినవాళ్లు ఈ తేడానే పట్టించుకోలేదు.

పైగా చదువు భారం తక్కువేమీ కాదు. రెండు అక్షరమాలలతో పాటు కాంజీ అనే చిత్రాక్షరాలు నేర్వాలి. ఒకటో తరగతిలో 80, ఆరో తరగతి అయ్యేసరికి 1,026. నిత్యవ్యవహారానికని ప్రభుత్వం గుర్తించిన మొత్తం కాంజీలు 2,136. ప్రతి గీతా ఏ వరసలో గీయాలో కూడా నేర్పుతారు. ఇంటి దగ్గర రోజూ దిద్దక తప్పదు.

ఇక మర్యాదల సంగతి. నీతి పాఠం వారానికి ఒక పీరియడ్ మాత్రమే. దాని వెనక పెద్ద గొడవే ఉంది. యుద్ధకాలంలో నీతి పాఠాలను చక్రవర్తి పట్ల విధేయత నూరిపోయడానికి వాడారు కాబట్టి ఓటమి తర్వాత వాటిని ఆపేశారు. 1958లో వేరే రూపంలో మళ్లీ పీరియడ్ ఇచ్చారు. 2018లో ప్రైమరీలో, 2019లో మిడిల్ స్కూల్లో దాన్ని ఆమోదించిన పుస్తకం, మూల్యాంకనం ఉన్న సబ్జెక్టుగా మార్చారు. పిల్లల్లో వేధింపులు పెరిగాయి, బడి చూస్తూ ఊరుకోకూడదు అన్నది సమర్థించేవాళ్ల మాట. పిల్లాడి మనసుకు ప్రభుత్వం మార్కులు వేయడమేమిటి అన్నది వ్యతిరేకించేవాళ్ల భయం. చివరికి అంకెలు వద్దని, టీచరు నాలుగు మాటల్లో రాయాలని నిర్ణయించారు.

భోజనం, చీపురు

మధ్యాహ్నం భోజనం వేళకి ఆ వారం వంతు వచ్చిన పిల్లలు తెల్ల కోటు, టోపీ, మాస్కు వేసుకుని పెద్ద గిన్నెలు, ట్రేలు తరగతి గదికి మోసుకొస్తారు. ఒకరు అన్నం, ఒకరు సూప్, ఒకరు కూర వడ్డిస్తారు. అందరి పళ్లేలూ నిండేదాకా ఎవరూ ముట్టరు. తర్వాత అందరూ ఒకేసారి, భోజనానికి ముందు కృతజ్ఞతగా చెప్పే ‘ఇతదకిమాస్’ అన్న మాట అని తినడం మొదలుపెడతారు. టీచరు కూడా అదే గదిలో, అదే భోజనం. ఎవరైనా రాకపోతే మిగిలిన స్వీటు కోసం చేతులతో ‘రాయి, కత్తెర, కాగితం’ ఆడి తేల్చుకుంటారు. శుక్రవారం వంతు ముగిసిన పిల్లలు ఆ తెల్ల కోటు ఇంటికి తీసుకెళ్లి, ఉతికి ఇస్త్రీ చేయించి సోమవారం తెస్తారు. వచ్చే వారం దాన్ని ఇంకొకరు వేసుకుంటారు.

తర్వాత పావుగంటో ఇరవై నిమిషాలో శుభ్రం చేసే పని. గదులు, వరండాలు, చాలా బడుల్లో బాత్రూములు కూడా. తడిగుడ్డతో నేల తుడుస్తారు. అయితే బడుల్లో పనివాళ్లు లేరన్నది తప్పు. మరమ్మతులు, చెట్లు, పిల్లలు చేయలేని పనులు చూసుకోవడానికి ఉద్యోగులుంటారు. చీపురు పట్టించడం డబ్బు మిగుల్చుకోవడానికి కాదు, అది టైమ్‌టేబుల్లో భాగమైన చదువు. తరగతి సమావేశాలు, ఆటల పండుగ, వంతుల పనులు అన్నీ కలిపి దీన్ని ‘తొక్కాట్సు’ అంటారు, పాఠాల బయటి కార్యక్రమాలన్నమాట. ఈజిప్టు 2018 నుంచి ఈ పద్ధతితో ప్రత్యేక బడులే నడుపుతోంది.

భోజనం అందరికీ ఉచితమని కూడా చాలామంది అనుకుంటారు. దేశవ్యాప్తంగా ఇన్నాళ్లూ అలా లేదు. 2023లో జరిగిన ప్రభుత్వ సర్వే ప్రకారం ప్రైమరీలో తల్లిదండ్రులు కట్టే సగటు రుసుము నెలకు 4,688 యెన్‌లు. కొన్ని స్థానిక ప్రభుత్వాలు ఉచితంగా పెడుతూ వచ్చాయి. ఆదాయం తక్కువున్న కుటుంబాలకు వేరే సాయం ఉంది. సుమారు ఏడుగురిలో ఒకరు ఆ సాయం పొందుతున్నారు.

అందరూ కలిసి కదిలే చోట అడుగు కలపలేని పిల్లల పరిస్థితి ఏమిటి? ఇక్కడే నాకు బాధ కలుగుతుంది. జపాన్ బడిలో పిల్లలు రోజంతా, ఏడాదంతా అదే గుంపులో ఉంటారు. తిండి, పని, ఆట అన్నీ వాళ్లతోనే. ఆ గుంపు వెలేస్తే ఆ పిల్లకి పోవడానికి ఇంకో చోటు ఉండదు. ఇలాంటి వేధింపును ‘ఇజిమె’ అంటారు. 2011లో ఒత్సు నగరంలో ఒక మిడిల్ స్కూల్ విద్యార్థి ప్రాణం తీసుకున్నాక దేశమంతా కదిలింది, 2013లో వేధింపుల నివారణకు చట్టం వచ్చింది.

నియమాల కథా ఇంతే. ఒసాకాలో ఒక హైస్కూల్ అమ్మాయి జుట్టు పుట్టుకతోనే గోధుమరంగు అని, నల్లరంగు వేసుకోమని బడి పదేపదే ఒత్తిడి చేసిందని 2017లో దావా వేసింది. 2021లో కోర్టు ఆ నియమం, దాని అమలు తప్పు కాదంది. కానీ ఆమె బడికి రాలేకపోయిన రోజుల్లో తరగతిలో ఆమె కుర్చీ, జాబితాలో ఆమె పేరు తీసేసినందుకు 3,30,000 యెన్‌ల పరిహారం ఇవ్వమంది. ఈ వార్త తర్వాత చాలా ప్రాంతాల్లో బడులు తమ నియమాలను తిరగేసి చూసుకున్నాయి.

పదిహేనేళ్ల దగ్గర: రెండు లెక్కలు

హైస్కూల్ తప్పనిసరి కాదు. అయినా నూటికి 98 మందికి పైగా వెళ్తారు. అక్కడ అడుగుపెట్టాలంటే ఎంట్రన్స్ రాయాలి. ఒకే ఊళ్లో ప్రభుత్వ హైస్కూళ్ల మధ్య కూడా ‘పై’ బడి, ‘కింది’ బడి అన్న వరస ఉంటుంది, ఆ వరస అందరికీ తెలుసు. మొన్నటిదాకా పక్కపక్కన కూర్చుని అన్నం తిన్న పిల్లలు ఇక్కడ విడిపోతారు.

మొదటి లెక్క, మిడిల్ స్కూల్ ఇచ్చే రిపోర్టు. టోక్యో ప్రభుత్వ హైస్కూళ్ల మామూలు పద్ధతిలో రాత పరీక్షకి 700, రిపోర్టుకి 300, మొత్తం వెయ్యి మార్కులు. ఇంగ్లీషు మాట్లాడే పరీక్షకి ఈమధ్య వేరుగా 20 కలిపారు. రిపోర్టులో తొమ్మిది సబ్జెక్టులకు ఐదేసి. రాత పరీక్ష ఉన్న ఐదు సబ్జెక్టులు యథాతథంగా కలుపుతారు. సంగీతం, చిత్రలేఖనం, వ్యాయామం, టెక్నాలజీ-గృహవిజ్ఞానం అనే నాలుగింటిని రెట్టింపు చేస్తారు. అంటే 25 ప్లస్ 40, మొత్తం 65.

ఇప్పుడు ఇద్దరిని తీసుకుందాం. ఒకడికి లెక్కలు, సైన్సు వంటి ఐదింటిలోనూ 5, మిగతా నాలుగింటిలో 3. వాడి లెక్క 25 ప్లస్ 24, అంటే 49. దాన్ని 300కి మారిస్తే 226. ఇంకో అమ్మాయికి ఆ ఐదింటిలో 4, సంగీతం, ఆటలు, కుట్టుపని వంటి నాలుగింటిలో 5. ఆమె లెక్క 20 ప్లస్ 40, అంటే 60. 300కి మారిస్తే దాదాపు 277. పుస్తకాల్లో ముందున్న అబ్బాయి దాదాపు 50 మార్కులు వెనకబడ్డాడు. రాత పరీక్షలో రాని సబ్జెక్టుల్ని పిల్లలు వదిలేయకుండా ఉండాలని పెట్టిన పద్ధతి ఇది. చదువంటే లెక్కలు, సైన్సే కాదని చెప్పినట్టుంది అని మెచ్చేవాళ్లున్నారు. రిపోర్టు టీచరు చేతిలో ఉంది కాబట్టి పిల్లలు పాటలోనూ, పరుగులోనూ కూడా టీచరు మొహం చూస్తూ బతకాల్సి వస్తోంది అనేవాళ్లూ ఉన్నారు. కొన్ని ప్రిఫెక్చర్లు మూడేళ్ల గ్రేడ్లూ లెక్కేస్తాయి. అక్కడ టెన్షన్ ఇంకా ముందే మొదలవుతుంది.

రెండో లెక్క ‘హెన్సాచి’, అంటే పరీక్ష రాసిన మిగతావాళ్లతో పోలిస్తే విద్యార్థి ఎక్కడున్నాడో చెప్పే అంకె. వచ్చిన మార్కుల్లోంచి సగటు తీసేసి, మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే ప్రామాణిక విచలనంతో భాగించి, పదితో గుణించి, యాభై కలుపుతారు. ఒక పరీక్షలో సగటు 60, విచలనం 15 అనుకుందాం. 75 తెచ్చుకున్న విద్యార్థి హెన్సాచి 60. మరో కష్టమైన పరీక్షలో సగటు 40, విచలనం 10. అందులో 60 తెచ్చుకున్నవారి హెన్సాచి 70. మార్కులు తగ్గాయి, స్థానం పెరిగింది. మామూలుగా 60 అంటే పై 16 శాతంలో, 70 అంటే పై రెండు శాతం పైచిలుకులో ఉన్నట్టు.

దీన్ని తయారుచేసింది టోక్యో మిడిల్ స్కూల్ టీచరు కువతా షోజో. ఏ బడికి అప్లై చేయాలో టీచర్లు ఊహ మీద చెప్పడం ఆయనకు నచ్చలేదు, ఒక నమ్మదగిన కొలత కావాలనుకున్నారు. కానీ ఆ అంకె పిల్లల్నే కాక బడుల్నీ కొలిచేదిగా మారింది. ప్రైవేటు కంపెనీల మాక్ టెస్టులు మిడిల్ స్కూళ్లలో పెట్టొద్దని 1993లో విద్యాశాఖ ఆదేశించింది. అవి బడి బయట, ‘జుకు’ అనే ట్యూషన్ సెంటర్లలో కొనసాగాయి. హెన్సాచి లేకపోతే పిల్లలు గుడ్డిగా దూకి దెబ్బతింటారన్న వాదననీ తోసిపుచ్చలేం.

పరీక్షల నరకం ఇప్పుడు ఎవరికి?

టోక్యోలో కొన్ని కుటుంబాలు ఈ పదిహేనేళ్ల గీతని తప్పించుకోవాలనే చూస్తాయి. ఆరో తరగతిలోనే ప్రైవేటు మిడిల్ స్కూల్ ఎంట్రన్స్ రాయిస్తే, అదే సంస్థలో హైస్కూల్ దాకా సాగిపోవచ్చు. టోక్యోలో ఆ పరీక్షలు ఫిబ్రవరి 1న మొదలవుతాయి. రాత్రి దాకా ట్యూషన్ అన్న వీడియోల్లో కనిపించే చిన్నపిల్లలు ఎక్కువగా వీళ్లే. దేశం మొత్తం మీద ప్రైవేటు మిడిల్ స్కూల్ పిల్లలు పదోవంతు కూడా లేరు.

యూనివర్సిటీ విషయంలో పాత బొమ్మ చాలావరకు మారింది. జనవరి మధ్యలో రెండు రోజుల ఉమ్మడి పరీక్ష, జాతీయ యూనివర్సిటీలకైతే ఫిబ్రవరి చివర వాళ్ల సొంత పరీక్ష, సీటు రాకపోతే ‘రోనిన్’గా ఇంకో ఏడాది చదవడం ఇప్పటికీ ఉన్నాయి. కానీ పద్దెనిమిదేళ్ల వయసువాళ్లు 1992లో 20 లక్షలు దాటితే ఇప్పుడు 11 లక్షల దగ్గర ఉన్నారు. యూనివర్సిటీల్లో చేరేవారిలో సగం మంది సిఫారసు, ఇంటర్వ్యూ, వ్యాసం వంటి పద్ధతుల్లో వెళ్తున్నారు. పేరున్న యూనివర్సిటీ కావాలనుకునేవారికే పాత పోటీ మిగిలింది. కొన్ని చిన్న ప్రైవేటు యూనివర్సిటీల్లో అయితే సీట్లే నిండడం లేదు.

ఈ ఒత్తిడి తగ్గించాలని ఒకసారి గట్టి ప్రయత్నమే జరిగింది. 2002లో పాఠ్యాంశాల్ని దాదాపు 30 శాతం తగ్గించి, శనివారాలు పూర్తిగా సెలవిచ్చారు. అంతర్జాతీయ పరీక్ష పీసాలో 2003 ఫలితాలు తగ్గడంతో చదువులు పాడైపోయాయన్న గోల లేచింది, 2011 నుంచి పాఠాలు మళ్లీ పెంచారు. 2022 పీసాలో జపాన్ లెక్కల్లో ఐదో స్థానం, చదివి అర్థం చేసుకోవడంలో మూడు, సైన్సులో రెండు. అయితే 2003లో ఆ పరీక్ష రాసిన పిల్లలు తమ చదువులో ఎక్కువ భాగం పాత పాఠాలతోనే సాగించారు. అందుకని తగ్గుదలకు కొత్త విధానమే కారణమని చెప్పడం తొందరపాటని విద్యా పరిశోధకుల్లో కొందరు అంటారు. ఆ మాట నాకు సబబుగానే తోస్తుంది.

బడికి రాని పిల్లలు, ఇంటికి పోలేని టీచర్లు

జబ్బు, పేదరికం కాక వేరే కారణాలతో ఏడాదిలో 30 రోజులు లేదా అంతకన్నా ఎక్కువ బడికి రాని పిల్లల్ని ‘ఫుతోకో’ కింద లెక్కిస్తారు. ప్రైమరీ, మిడిల్ స్కూళ్లలో 2013లో వీళ్లు 1,19,617 మంది. 2024 విద్యా సంవత్సరంలో 3,53,970 మంది. ఆ మధ్యకాలంలో మొత్తం పిల్లల సంఖ్య తగ్గింది కాబట్టి పెరుగుదల ఇంకా ఎక్కువని అర్థం.

ఇందులో ఒక మెలిక ఉంది. బడికి రమ్మని బలవంతం చేయడం కన్నా విశ్రాంతి, వేరే చోట చదువు ముఖ్యమని 2016 చట్టం గుర్తించింది. దాంతో పిల్లాణ్ని ఇంట్లో ఉంచడానికి తల్లిదండ్రులు మునుపటిలా సిగ్గుపడటం తగ్గింది. కొంత పెరుగుదల దానివల్లే కావచ్చు. హాజరు లేకపోయినా తరగతులు దాటించి సర్టిఫికెట్ ఇచ్చేస్తారు. ఎవరినీ ఆపకూడదన్న ఆ మంచి నియమం వల్లే, మూడేళ్లు పాఠం వినని పిల్ల కూడా పదిహేనేళ్లకు నేరుగా ఎంట్రన్స్ ముందు నిలబడాల్సి వస్తోంది. రిపోర్టులో ఆమె గ్రేడ్ల చోట చూపడానికి పెద్దగా ఏమీ ఉండకపోవచ్చు.

పిల్లలు ఇలా బడికి దూరం కాకుండా అడ్డుకోవాల్సిన టీచరుకు తీరికేదీ? 2018 అంతర్జాతీయ సర్వేలో జపాన్ మిడిల్ స్కూల్ టీచర్లు వారానికి 56 గంటలు పనిచేస్తున్నట్టు తేలింది. పాల్గొన్న దేశాల సగటు 38. పాఠాలతో పాటు సాయంత్రం, శనాదివారాలు ఆటల క్లబ్బులూ వాళ్లే చూసుకుంటారు. 1971 చట్టం ప్రకారం ఓవర్‌టైమ్‌కి వేరే డబ్బు లేదు, బదులుగా జీతంలో నాలుగు శాతం కలుపుతూ వచ్చారు. 2025లో సవరణ చేసి దాన్ని 2031 నాటికి అంచెలంచెలుగా పది శాతానికి పెంచాలని నిర్ణయించారు. క్లబ్బుల్ని స్థానిక సంస్థలకు అప్పగించే పని కూడా మొదలైంది. డబ్బు పెంచితే గంటలు తగ్గవు, మనుషుల్ని పెంచండి అన్నది టీచర్ల వైపు నుంచి వినిపిస్తున్న ముఖ్యమైన అభ్యంతరం.

మన పిల్లలు అక్కడ చేరితే

టోక్యోలో ఎదొగావా వార్డు, నిషికసాయి చుట్టుపక్కల భారతీయ ఐటీ ఉద్యోగుల కుటుంబాలు ఎక్కువ, వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. విదేశీయుల పిల్లలకి చదువు చట్టప్రకారం తప్పనిసరి కాదు. కానీ తల్లిదండ్రులు వార్డు ఆఫీసులో అడిగితే ప్రభుత్వ బడిలో చేర్చుకుంటారు, ఫీజు ఉండదు, పుస్తకాలు ఉచితం. అడగకపోతే ఇంటికొచ్చి చేర్చమనేవారు ఉండకపోవచ్చు. టోక్యోలో సీబీఎస్‌ఈ చదువు చెప్పే భారతీయ బడులూ ఉన్నాయి, వాటికి ఫీజు కట్టాలి.

తరగతి సాధారణంగా వయసును బట్టే ఇస్తారు. ఏడేళ్ల పాపకి భాష రాకపోయినా ఏడేళ్లవాళ్ల మధ్యే కూర్చోబెడతారు. ఆ వయసులో ఇది పెద్ద చిక్కు కాదు. పద్నాలుగేళ్లకు వెళ్లే పిల్లల సంగతి వేరు, ఏడాదిలో జపనీస్‌లో ఎంట్రన్స్ రాయాలి. టోక్యోలో కొన్ని ప్రభుత్వ హైస్కూళ్లు జపాన్ వచ్చి సాధారణంగా మూడేళ్లు దాటని విదేశీ విద్యార్థులకు వేరే ఎంపిక పద్ధతి పెట్టాయి. ఎంట్రన్స్ రాయాలంటే తొమ్మిదేళ్ల చదువు పూర్తయి ఉండాలి. విజయవాడలో తొమ్మిదో తరగతి పూర్తిచేసి వెళ్లినవారికి ఆ అర్హత ఉంటుంది. ఎనిమిదో తరగతితో ఆపి, పదిహేను నిండాక వెళ్లినవారు మామూలు మిడిల్ స్కూల్ వయసు దాటిపోతారు. అలాంటివారికి సాయంత్రం నడిచే మిడిల్ స్కూళ్లు ఒక దారి, కానీ అవి అన్ని ఊళ్లలో ఉండవు. అందుకే పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలున్న కుటుంబం వెళ్లే నెల ఖాయం చేసుకునే ముందు, తాము ఉండబోయే ప్రిఫెక్చర్‌లో హైస్కూల్ అర్హత నియమాలు చూసుకోవాలి. ఆ నియమాలు ప్రిఫెక్చర్‌ని బట్టి మారతాయి.